పాత కంప్యూటర్లు తూకానికి వేసే ముందు

కొత్త కంప్యూటర్లు వచ్చిన ప్రతి స్కూల్లోనూ పాతవి ఒక మూలన పేర్చి ఉంటాయి. మన కంప్యూటరు గదిలోనూ అంతే. కొన్నాళ్లకు అవి ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి వెళ్లిపోతాయి. వెళ్లినా ఫర్వాలేదు. కానీ ప్రతి డబ్బాలోనూ అరచేతిలో పట్టేంత వస్తువు ఒకటి ఉంటుంది. దాన్ని తీసుకోకుండా డబ్బాను అమ్మేయడమంటే, గది మారేటప్పుడు ట్రంకు పెట్టెను పాత గదిలోనే వదిలేసి రావడమే. ఆ వస్తువు పేరు హార్డు డిస్కు. దాన్ని కొత్త కంప్యూటరుకు ఎలా తగిలించుకోవాలి, ఎక్కడ తొందరపడితే ఉన్నదంతా పోతుంది, అందులోని తెలుగు కొత్త కంప్యూటర్లో పిచ్చి గీతల్లాగా ఎందుకు కనబడుతుంది అన్నవి ఈ వ్యాసంలో చెబుతాను.

ఇంతకీ ఆ డిస్కులో మనవి ఏమున్నాయంటారా? మార్కుల జాబితాలు, స్కాలర్‌షిప్పు కోసం స్కాన్ చేసిన కుల ధృవీకరణ పత్రాలు, ఆధార్ కాగితాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీలు, వార్షికోత్సవం ఫొటోలు. అంతేకాదు. రంపచోడవరం, చింతూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు కొందరు సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల అవ్వలు కోయ భాషలో పాడిన పాటలు ఫోనులో రికార్డు చేసుకొచ్చి కంప్యూటర్లో వేశారు. తరవాత ఫోను పోయింది, లేదా పాడైంది. ఇప్పుడు ఆ పాట ఉన్నది ఆ డిస్కు మీదే. మార్కుల జాబితా కాగితం మీద ఇంకొకటి ఉంటుంది. అవ్వ పాటకు ఇంకో కాపీ లేదు.

కంప్యూటరు చచ్చిపోయింది అంటాం గానీ, దాన్లో అన్నీ ఒకేసారి చావవు. మన ఊళ్లల్లో ఎక్కువగా పోయేది కరెంటు డబ్బా, అంటే ఎస్.ఎం.పి.ఎస్. వోల్టేజీ ఎక్కువ తక్కువలకు అది కాలిపోతుంది. తరవాత మదర్ బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బుతాయి. ఫ్యాను బిగుసుకుపోతుంది. ఇవన్నీ పోయినా డిస్కు బాగానే ఉండొచ్చు. కొన్ని కంప్యూటర్లయితే అసలు పాడే కాలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేశారు. విండోస్ 11 వేద్దామంటే పాత యంత్రాల్లో చాలావాటికి దానికి కావలసిన భద్రతా చిప్పు లేదు. అలా నడుస్తూ నడుస్తూనే మూలన పడ్డ కంప్యూటర్లు దేశంలో ఎన్నో. వాటి డిస్కులకు ఏ జబ్బూ లేదు.

డిస్కు లోపల ఏముంటుందో తెలిస్తే దాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మూత కింద అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఒకటో రెండో మూడో ఉంటాయి. వాటి మీద అయస్కాంత పదార్థం పలుచటి పూతగా ఉంటుంది. మనం రాసిన ప్రతి అక్షరం ఆ పూతలో సన్నసన్నని అయస్కాంతపు గుర్తులుగా మారిపోతుంది. డెస్క్‌టాప్ డిస్కుల్లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 సార్లు. దాని మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ కదులుతూ, కొసన ఉన్న హెడ్డుతో ఆ గుర్తులను చదువుతుంది. హెడ్డు పళ్లేన్ని తాకదు. పళ్లెం తిరిగే వేగానికి పుట్టే గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎడం తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కాబట్టి తిరుగుతున్న డిస్కును బల్ల మీద ఠపీమని పెట్టినా హెడ్డు పళ్లేనికి రాసుకుని గీత పడుతుంది. గీత పడ్డచోట ఉన్నది మళ్లీ రాదు. మూత విప్పి చూద్దామనే సరదా కూడా వద్దు. మన కంటికి కనబడని దుమ్ము రేణువు హెడ్డుకు బండరాయితో సమానం.

మొట్టమొదటి హార్డు డిస్కును 1956లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50 ఉండేవి అందులో. బరువు సుమారు ఒక టన్ను. ఇంతా చేసి దానిలో పట్టేది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇప్పుడు ఫోనులో తీసిన ఒక్క ఫొటోకి అది చాలీ చాలకుండా ఉంటుంది. మన పాత డబ్బాల్లోని 500 జి.బి. డిస్కులో అలాంటి ఫొటోలు దాదాపు లక్ష పడతాయి. దాన్ని పట్టుకుని తూకానికి వేస్తామంటున్నాం.

ఇక పనిలోకి వద్దాం. కంప్యూటరు మాస్టారిని అడక్కుండా ఎవరూ డబ్బా విప్పకండి. గోడ దగ్గర ప్లగ్గు పీకేయాలి, స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు పీకాక ముందున్న పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క రేకు స్క్రూలు విప్పాక చట్రం ఇనుమును ఒకసారి చేత్తో తాకండి. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా దాని లోపల కరెంటు నిలవుంటుంది.

డిస్కుకు రెండు తీగలు తగిలించి ఉంటాయి. ఒకటి కరెంటుది, ఇంకొకటి సమాచారానిది. ఆ రెండో తీగను చూస్తే డిస్కు ఏ కాలంనాటిదో చెప్పేయొచ్చు. రిబ్బనులాగా వెడల్పుగా, పిన్నులు రెండు వరసల్లో మొత్తం 40 ఉంటే అది ఐ.డి.ఇ. రకం, పాతది. సన్నగా, మూతి ఇంగ్లీషు ఎల్ అక్షరంలాగా ఉంటే సాటా రకం. సాటా 2003 ప్రాంతంలో మొదలై కొద్ది ఏళ్లలోనే ఐ.డి.ఇ.ని వెనక్కి నెట్టేసింది. ఇప్పటి డెస్క్‌టాపుల్లో సాటా మూతి సాధారణంగా ఉంటుంది. ఐ.డి.ఇ. మూతి మాత్రం ఉండదు.

సాటా డిస్కయితే కొత్త కంప్యూటరు డబ్బాలో ఖాళీ అర చూసి బిగించుకోవచ్చు. తీగ మదర్ బోర్డుకు, కరెంటు మూతి ఎస్.ఎం.పి.ఎస్. నుంచి. అంతే. కొత్త కంప్యూటరుకు గ్యారంటీ సీలు ఉంటే విప్పడం ఎందుకు? బయటి నుంచే తగిలించుకోవచ్చు. దానికి యు.ఎస్.బి. అడాప్టరు దొరుకుతుంది. ఒక కొస డిస్కుకు, ఇంకో కొస పెన్‌డ్రైవు పెట్టేచోట. సాటాకి, ఐ.డి.ఇ.కి రెండింటికీ పనికొచ్చేవి కూడా ఉన్నాయి. కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా అడగండి. ల్యాప్‌టాప్ నుంచి తీసిన రెండున్నర అంగుళాల చిన్న డిస్కుకు యు.ఎస్.బి. నుంచి వచ్చే 5 వోల్టులు సరిపోతాయి. డెస్క్‌టాప్‌లోని మూడున్నర అంగుళాల డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి. అది యు.ఎస్.బి. తీగలో రాదు. కాబట్టి విడిగా కరెంటు ఇచ్చే అడాప్టరే తీసుకోవాలి. అది లేనిది తెచ్చుకుంటే డిస్కు తిరగదు, మనమేమో డిస్కు చచ్చిందనుకుని పారేస్తాం. ఐ.డి.ఇ. డిస్కు వెనక జంపరు అనే చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. దాన్ని మాస్టరు అనే స్థానంలో పెట్టాలి. ఎక్కడ పెట్టాలో డిస్కు మీది కాగితంలోనే బొమ్మ వేసి ఉంటుంది.

చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. పాత డిస్కులో విండోస్ ఉంది కదా, దాన్ని కొత్త కంప్యూటర్లో పెట్టి నేరుగా నడిపేస్తే సరిపోదా? సరిపోదండి. పాత విండోస్ పాత మదర్ బోర్డుకు అలవాటు పడింది. మన వంటమనిషిని రాత్రికి రాత్రి వేరే హాస్టల్ వంటింట్లో నిలబెడితే ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలుస్తుందా? అలాగే అదీ తడుముకుంటుంది. కొన్నిసార్లు లేస్తుంది, కొన్నిసార్లు నీలం తెర చూపించి ఆగిపోతుంది. లేచినా లైసెన్సు అడగొచ్చు. అందుకని కొత్త కంప్యూటరు తన సొంత డిస్కు మీదే నడవాలి. పాతది రెండో డిస్కుగా, సామాన్ల గదిలాగా ఉండాలి. లోపల బిగించాక పాత విండోస్ లేచి కూర్చుంటే బయాస్‌లోకి వెళ్లి కొత్త డిస్కును మొదటి వరసలో పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇప్పుడు వస్తుంది. డిస్కు తగిలించగానే తెర మీద ఒక్కోసారి ఒక పెట్టె లేస్తుంది. ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. ఇంకో చోట ఇనిషియలైజ్ చేయమంటుంది. రెండింటికీ వద్దనే చెప్పాలి. క్యాన్సిల్ నొక్కాలి. ఆ ప్రశ్నకు అర్థం డిస్కు ఖాళీగా ఉందని కాదు. అందులో రాసిన పద్ధతి ఈ కంప్యూటరుకు అర్థం కావడం లేదని మాత్రమే. అది లినక్సు డిస్కు అయ్యుండొచ్చు, తాళం వేసినది అయ్యుండొచ్చు, తీగ సరిగా కూర్చోక అయ్యుండొచ్చు. తీగ తీసి మళ్లీ పెట్టి, ఇంకో కంప్యూటర్లో కూడా చూసి, అప్పుడు ఆలోచించాలి. సరే అని నొక్కిన వేలు అవ్వ పాటను చెరిపేసిన వేలే అవుతుంది.

పెట్టె ఏమీ లేవకుండా డిస్కు తెరుచుకుంటే మన దస్త్రాలు వెతుక్కోవాలి. విండోస్ ఎక్స్‌పి నాటి డిస్కయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డర్లోను, ఆ తరవాతి వాటిలో యూజర్స్ అనే ఫోల్డర్లోను ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి కూడా దాని లోపలే. ఫోల్డర్ నొక్కితే నీకు అనుమతి లేదు అంటుంది. కంగారు పడక్కర్లేదు. పాత కంప్యూటర్లో ఆ ఫోల్డర్ యజమాని వేరు, అందుకని అడిగింది. అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నవారు కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుస్తుంది. బిట్‌లాకర్ తాళం అయితే వేరే సంగతి. దానికి 48 అంకెల తాళం చెవి కావాలి. అది లేకుండా మాస్టారే కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్లొచ్చినా తెరవలేరు. పాత కంప్యూటరు ఇంకా నడుస్తూ ఉండగానే ఆ తాళం తీసేసుకోవడం మంచిది.

కాపీ చేయడానికి ఓపిక కావాలి. పాత యు.ఎస్.బి. మూతిలో పెడితే 100 జి.బి.కి గంట దగ్గర పడుతుంది. చిన్నచిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. డిస్కు ముసలిదని అనుమానం ఉంటే మొత్తం ఒకేసారి లాగొద్దు. ఇంకెక్కడా దొరకనివి ముందు, అంటే పాటలు, ఫొటోలు. సినిమాలు ఆఖర్న. (అవి పోయినా వార్డెన్ గారు బాధపడరు.) మధ్యలో టక్, టక్ అని గోరుతో కొట్టినట్టు చప్పుడు మొదలైతే వెంటనే ఆపేయండి. హెడ్డు దారి తప్పిందని దానర్థం. అలాగే నడిపించిన కొద్దీ మిగిలింది కూడా పోతుంది. ఫ్రిజ్జులో పెడితే బాగవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. పెట్టకండి. తేమ పట్టి పూర్తిగా పాడవుతుంది. డేటా తీసే పని తెలిసినవాళ్లకు ఇవ్వాల్సిందే, అది ఖర్చుతో కూడిన పని.

అన్నీ కాపీ అయ్యాయి, ఇక హాయి అనుకుని ఒక పాత తెలుగు ఫైలు తెరుస్తాం. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, పైన చుక్కలున్న అక్షరాలు, కొక్కేలు, డాలరు గుర్తులు! ఫైలు పాడైందనుకుని చెరిపేసేవాళ్లు ఉన్నారు. అది పాడవలేదు. ఈ సంగతి తెలుగువాళ్లం మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకు ఈ బాధ లేదు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. 1990లలో తెలుగు డి.టి.పి. మొదలైనప్పుడు తెలుగుకు అందరూ ఒప్పుకుని వాడే నంబర్లు కంప్యూటర్లలో లేవు. ఒక ఫాంటులో 256 గళ్లు మాత్రమే ఉండేవి. ఇంగ్లీషు అక్షరాల గళ్లల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఒక గడిలో వత్తు. అను, శ్రీలిపి లాంటివన్నీ ఇలా వచ్చినవే. ఒక్కో కంపెనీ తన ఇష్టం వచ్చిన గడిలో తన ఇష్టం వచ్చిన ముక్క పెట్టుకుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు వేసే చోట పేజ్‌మేకర్లో అను ఫాంటుతో కొట్టడం ఏళ్ల తరబడి అలవాటు. కాబట్టి పాత ఫైలులో నిజంగా ఉన్నది ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. ఆ ఫాంటు వేషం కట్టినంత సేపూ తెలుగులా కనబడతాయి. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు, వేషం ఊడిపోయింది.

మందు సులువే. పాత డిస్కులో విండోస్ అనే ఫోల్డర్, దాని లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. డిస్కును ఫార్మాట్ చేయక ముందే దాన్ని కూడా కాపీ చేసుకోండి. అందులోంచి తెలుగు ఫాంట్లు కొత్త కంప్యూటర్లో వేస్తే పాత ఫైలు మళ్లీ తెలుగులో చదవొచ్చు. కొత్తగా టైపు చేయాలంటే ఆ సాఫ్ట్‌వేరు కావాలి గానీ, చదవడానికి ఫాంటు చాలు. పేజ్‌మేకర్ ఫైలయితే పేజ్‌మేకర్ కూడా ఉండాలి. దాని ఆఖరి రకం 7.0 వచ్చింది 2001లో. తరవాత కంపెనీ దాన్ని కొనసాగించలేదు. అందుకని పాత కంప్యూటరు ఇంకా లేస్తూ ఉంటే అందులోనే ఆ ఫైళ్లను పి.డి.ఎఫ్.గా మార్చి పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. పి.డి.ఎఫ్.లోకి ఫాంటు కూడా ఎక్కేలా చేస్తే ఎక్కడైనా అలాగే కనబడుతుంది.

యూనికోడ్ వచ్చాక ఈ గొడవ తీరింది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు విడిగా చోటిచ్చారు. అందులో అ అక్షరం నంబరు 3077, క అక్షరం నంబరు 3093. ఏ దేశంలో ఏ కంప్యూటరైనా అవే. విండోస్ ఎక్స్‌పితో పాటు వచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంటు పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరే! అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒకరు దగ్గర కూర్చుని చదవాలి, వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తారుమారవుతాయి. కోయ మాటలు తెలుగు లిపిలో కొట్టి ఉంటే ఆ మాటలు వచ్చినవాళ్లే చదవాలి. తెలుగు మాట తప్పు పడితే ఎవరైనా పట్టుకుంటారు, కోయ మాట తప్పు పడితే ఇంకెవరికీ తెలియదు.

కాపీ అయిపోయిన పాత డిస్కును ఏం చేయాలి? ముందు దాని ఆరోగ్యం చూడాలి. ప్రతి డిస్కూ తనలో పాడైన చోట్లను తానే లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్కను స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఆ లెక్క చదివి బాగుంది, జాగ్రత్త, బాగాలేదు అని రంగుల్లో చూపిస్తుంది. బాగుంటే ఫార్మాట్ చేసి రెండో కాపీ దాచుకునే పెట్టెగా వాడుకోవచ్చు. విండోస్ నడపడానికి వాడొద్దు, ఇప్పటి ఎస్.ఎస్.డి. ముందు అది ఎడ్లబండే. ఒక్కగానొక్క కాపీని దాని మీద ఉంచడం అసలే వద్దు.

కాపీలన్నీ ఇంటర్నెట్‌లోనే పెడితే పోలేదా అని తొమ్మిదో తరగతి వాళ్లు అంటారు. పెట్టండి, మంచిదే. కానీ 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్టు ఆపేశారు. ఆ రోజుల్లో క్లౌడులో ఉన్న ఫైలు క్లౌడులోనే ఉండిపోయింది, బీరువాలో డిస్కు ఉన్నవాళ్లకే పని జరిగింది. అదే ఏడాది జూలైలో గోదావరి వరదకు లంక ఊళ్లు మునిగినప్పుడు కింది అరలో ఉన్నదేదీ గతి లేకుండా పోయింది. అంచేత ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. ఇక్కడిది అటక మీద. తడిసిన డిస్కుకు కరెంటు ఇవ్వకూడదు, ఎండలో ఆరబెట్టకూడదు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి ఇనుము ఎలా చిలుము పడుతుందో మనకు తెలుసు, డిస్కు పిన్నులకూ అదే జరుగుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు నాలుగు వేసి ఉంచితే చాలు.

డిస్కును నిజంగానే వదిలించుకోవాలనుకుంటే వార్డెన్ గారు ఇది చూడాలి. ఫైలు డిలీట్ చేస్తే అది పోదు. పుస్తకంలో విషయసూచిక చింపినట్టు అవుతుంది, పేజీలు అలాగే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ కూడా అంతే. ఆ డిస్కును తూకానికి కొన్నవాళ్లలో ఎవరైనా ఉచితంగా దొరికే ప్రోగ్రాంతో మన ఆధార్ కాగితాలు, బ్యాంకు ఖాతా నంబర్లు బయటికి తీయగలరు. క్విక్ అనే టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయాలి. విండోస్ విస్టా నుంచి ఇప్పటిదాకా పూర్తి ఫార్మాట్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయొచ్చు. తిరగని డిస్కయితే మూత విప్పి పళ్లేలకు మేకుతో తూట్లు పొడవాలి. కళ్లజోడు పెట్టుకుని, పెద్దవాళ్లే చేయాలి, కొన్ని పళ్లేలు గాజువి, పగిలితే ముక్కలు ఎగురుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అలాంటి సామాను అధికారికంగా నమోదైన రీసైక్లింగు వాళ్లకే చేరాలి.

ఉంచుకునే డిస్కు మీద ఒక తెల్ల కాగితం అంటించండి. ఏ కంప్యూటర్లోది, ఏ తేదీన తీశారు, అందులో ఏమున్నాయి, రెండో కాపీ ఎక్కడుంది, తాళం ఉంటే అది ఎవరి దగ్గరుంది. మూత మీద ఈ రంధ్రం మూయరాదు అని ఇంగ్లీషులో రాసి చిన్న బెజ్జం కనబడుతుంది, అది గాలి ఆడడానికి, కాగితం దాని మీద పడకుండా చూసుకోవాలి. ఆరు నెలలకోసారి, దసరా సెలవుల ముందు, వేసవి సెలవుల ముందు, డిస్కును తగిలించి ఒక పాట వినండి.